కట్టేవాళ్ల ప్రాణానికి పూచీ ఎవరిది?
నర్మెట్ట నుంచి నగరం దాకా నిర్మాణ కూలీల భద్రత

భవనం పనిలో ఒక కూలీ చనిపోతే పత్రికలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది. 'ప్రమాదవశాత్తు కాలు జారి' అని మొదలవుతుంది, 'పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు' అని ముగుస్తుంది. ఊరి పేరు ఉంటుంది, వయసు ఉంటుంది, ఎంతమంది పిల్లలో ఉంటుంది. గోవ ఎవరు కట్టించారు, అడ్డకర్ర ఎందుకు లేదు, ఆ పని గుత్తకు పట్టింది ఎవరు, పర్మిషన్ ఎవరి పేరున ఉంది అన్నవి మాత్రం ఉండవు. 'ప్రమాదవశాత్తు' అన్న ఒక్క మాట ఈ ప్రశ్నలన్నిటినీ మింగేస్తుంది. కాలు జారింది అనగానే తప్పంతా కాలుదైపోతుంది.

మేము ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఒక్కటే. నిర్మాణ స్థలంలో భద్రత అంటే హెల్మెట్, బెల్టు మాత్రమే కాదు. ప్రమాదం కనబడగానే 'ఆపండి' అనే అధికారం ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు సంగతి. మన్ను పగులు ఇస్తున్నదని మొదట చూసేది గుంతలో ఉన్న మనిషి. కర్ర వంగుతున్నదని మొదట చూసేది స్లాబ్ కింద ఉన్న మనిషి. పని ఆపే అధికారం మాత్రం ఆ ఇద్దరికీ ఉండదు. ఆ ఇద్దరూ ఎవరు, ఏ వాడ నుంచి వచ్చారు అని అడిగితే మనం నేరుగా కులం దగ్గరికి పోతాం. అందుకే ఇది ఇంజనీర్లు మాత్రమే మాట్లాడుకునే విషయం కాదు. దళిత ఉద్యమం మాట్లాడవలసిన విషయం.

నర్మెట్ట నుంచి అడ్డా దాకా

నర్మెట్ట జనగామ జిల్లాలో మెట్ట ప్రాంతపు మండలం. 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా వరంగల్ జిల్లాలో ఉండేది. చెలక నేలలు, బావుల కింద వ్యవసాయం, వాన మీద ఆశ. దేవాదుల ఎత్తిపోతల పథకం కింద ఈ ప్రాంతంలో బొమ్మకూరు, వెల్దండ లాంటి రిజర్వాయర్లు వచ్చాయి. కానీ గుంట భూమి లేనివాడికి నీళ్లు వచ్చినా రాకున్నా కైకిలే దిక్కు. నాట్లు, కోతలు లేని నెలల్లో మాదిగ, మాల వాడల నుంచి, లంబాడీ తండాల నుంచి, వడ్డెర ఇళ్ల నుంచి జనం జనగామ చేరి, అక్కడ బస్సో రైలో ఎక్కి హైదరాబాద్ పోతారు. వరంగల్ రోడ్డు నగరంలోకి దిగే ఉప్పల్ వాళ్లకు మొదటి గుమ్మం. పొద్దున్నే సద్ది డబ్బా పట్టుకుని లేబర్ అడ్డా మీద నిలబడితే, ఎవరో వచ్చి 'ఇద్దరు మగోళ్లు, ఒక ఆడమనిషి' అని లెక్క చెప్పి బండి ఎక్కించుకుంటారు. ఎక్కడ పని, ఎంత ఎత్తున పని, ఎవరి కింద పని అనేది బండి దిగినాకే తెలుస్తుంది. పేరు అడిగేవాడు ఉండడు. హాజరు పట్టీ ఉండదు. సాయంత్రం దాకా ఆ మనిషి ఒక తల లెక్క, అంతే.

ఈ దారి కొత్తది కాదు. నిజాం రాజ్యం నుంచి బొంబాయి పోయి ఇళ్లూ రోడ్లూ కట్టిన తెలుగు కూలీలను అక్కడ కామాటీలన్నారు. కామాటిపుర అన్న పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. నగరం వాళ్ల పేరు ఉంచుకున్నది గానీ వాళ్లకు చోటు ఉంచలేదు. ఇక్కడ జనగామ ప్రాంతంలో దొరల గడీలు లేచిన తీరూ మనకు తెలుసు. వెట్టిలో మట్టి మోసినవాడికి కూలి లేదు, గోడ మీద పడి చస్తే అడిగే దిక్కూ లేదు. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర గూండాల తూటాకు బలైన తర్వాత లేచిన పోరాటం ఆ గడీలను కదిలించింది. ఆ రూపంలో వెట్టి పోయింది. కానీ వెట్టికున్న ఒక లక్షణం, అంటే చేసేవాడికి తన పని మీద మాట లేకపోవడం, గుత్త పేరుతో మళ్లీ సైటు మీదికి వచ్చి కూచున్నది.

సైటు మీది నిచ్చెన

ఒక మామూలు అపార్ట్‌మెంట్ పనినే తీసుకుందాం. పైన బిల్డర్. ఆయన కింద కాంట్రాక్టర్. కాంట్రాక్టర్ కింద పనికొక గుత్తదారు: మట్టి పనికి ఒకరు, సెంట్రింగ్‌కు ఒకరు, సలాక కట్టడానికి ఒకరు, సుతారి పనికి ఒకరు. గుత్తదారు కింద మేస్త్రీ, మేస్త్రీ కింద సుతారి, అందరి కింద హెల్పర్. డబ్బు పై నుంచి కిందికి దిగుతూ ప్రతి మెట్టు మీదా కొంత ఆగిపోతుంది. ప్రమాదం మాత్రం ఎక్కడా ఆగకుండా నేరుగా కిందికి దిగుతుంది.

ఈ నిచ్చెన మీద ఎవరు ఏ మెట్టున ఉన్నారో చూడాలి. కులం పనులను పంచడంతో ఆగదని, పని చేసే మనుషులనే ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేరుస్తుందని అంబేద్కర్ 1936లోనే వాదించాడు. సైటు ఆ వాదనకు కళ్లెదుటి రుజువు. రాయి, మన్ను పని తరతరాలుగా వడ్డెరలది. గుంత తవ్వడం, తట్ట మోయడం, మిల్లర్ దగ్గర 50 కిలోల సిమెంటు బస్తా ఎత్తి గుమ్మరించడం మాదిగ, మాల, లంబాడీ కూలీల మీద పడుతుంది. ఇవి గీత గీసినట్టు ఉండవు. దళితుల్లో మంచి సుతారులున్నారు, మేస్త్రీలున్నారు, ఒకరిద్దరు గుత్తదారులూ అయ్యారు. కానీ హెల్పర్ మెట్టు మీద నిలబడ్డవాళ్ల కులాలు ఏమిటో, బిల్డర్ మెట్టు మీద ఉన్నవాళ్ల కులాలు ఏమిటో చెప్పడానికి సర్వే అక్కర్లేదు. ఏ అడ్డా మీదికైనా పోయి పది మందిని ఊరూ వాడా అడిగితే చాలు.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మగవాడు హెల్పర్‌గా చేరి నాలుగేళ్లకు తాపీ పట్టుకుని సుతారి కావచ్చు. ఆడమనిషి ఇరవై ఏళ్లు ఇటుక మోసినా ఇటుక పేర్చనియ్యరు. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. కానీ 'ఆమె హెల్పరే కదా' అన్న మాటతో తక్కువ కూలి నడుస్తూనే ఉంది. సైటు మీద మరుగుదొడ్డి ఉండదు కాబట్టి పొద్దంతా నీళ్లు తాగకుండా పనిచేసే ఆడవాళ్లు ఎందరో. ఎండాకాలంలో కళ్లు తిరిగి గోవ మీది నుంచి పడితే అదీ 'ప్రమాదవశాత్తే' అవుతుంది. దాని వెనుక మరుగుదొడ్డి లేకపోవడం ఉందని ఎవరూ రాయరు.

ఇక గుత్త. చదరపు అడుగుకు ఇంత, గుంతకు ఇంత అని గుత్త మాట్లాడుకున్నాక, మన్ను కూలకుండా పలకలు పెట్టడానికి పోయే రెండు గంటలు ఎవరి జేబు నుంచి పోతాయి? గుంపు జేబు నుంచే. గోవకు అదనంగా నాలుగు కర్రలు కడితే ఆ కర్రల కిరాయి ఎవరిది? గుత్తదారుది. కాబట్టి 'జాగ్రత్తగా ఉండండి' అని అందరూ చెప్తారు, జాగ్రత్తకు అయ్యే ఖర్చు ఎవరూ పెట్టరు. కూలీలకు భయం తెలియదనీ, చదువు లేదనీ, తాగుతారనీ అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసి చూడాలి. హెల్పర్‌కు ప్రమాదం తెలియక కాదు. ఆపితే కూలి పోతుంది, రేపు బండి ఎక్కనియ్యరు.

ప్రాణం ఎట్లా పోతుంది

సైటు మీది చావులు ఎన్ని రకాలుగా కనబడినా కారణాలు కొన్నే. ఒక్కొక్కదాని వెనుక ఉన్న లెక్క కూలీలకూ, వాళ్లతో పనిచేసే కార్యకర్తలకూ తెలియాలి.

మొదటిది, మన్ను. ఒక మీటరు పొడవు, వెడల్పు, ఎత్తున్న మట్టి దిమ్మ టన్నున్నరకు పైనే బరువుంటుంది. అది ఛాతీ దాకా కప్పేస్తే తల బయటే ఉన్నా మనిషి ఊపిరి తీసుకోలేడు. పక్కటెముకలు కదలవు. మొరం గట్టిగా ఉందని నమ్మి నిట్టనిలువుగా తవ్వుతారు. వాన పడ్డ తెల్లారి అదే మొరం పెళ్ళలుగా జారుతుంది. ఐదడుగుల లోతు దాటిన ఏ గుంతకైనా పక్కలకు పలకలు, అడ్డకర్రలు పెట్టాలి, లేదా గోడను వాలుగా కోయాలి. తవ్విన మన్నును అంచు మీదే పోయకూడదు, కనీసం ఐదడుగుల దూరంలో పోయాలి. గుంతలో దిగడానికీ, ఎక్కడానికీ నిచ్చెన ఉండాలి. అంచున పగులు కనబడితే అదే హెచ్చరిక, దాని తర్వాత ఇంకో హెచ్చరిక రాదు.

రెండోది, స్లాబ్. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ ఐదంగుళాల మందాన పోస్తే ఆ తడి కాంక్రీటు బరువు దాదాపు 28 టన్నులు. సలాక, మనుషులు, వైబ్రేటర్ దీనికి అదనం. ఇంత బరువూ గట్టిపడేదాకా కింద నిలబెట్టిన కర్రలూ జాకీల మీదే ఉంటుంది. కర్ర మెత్తటి మన్ను మీద నిలబెట్టినా, రెండు ముక్కలు అతికి నిలబెట్టినా, కర్రకూ కర్రకూ మధ్య అడ్డంగా కట్టకపోయినా ఒకటి జారుతుంది, దాని బరువు పక్కదాని మీద పడుతుంది, క్షణాల్లో మొత్తం కూలుతుంది. స్లాబ్ పోస్తున్నప్పుడు కింద చూడటానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి కేక వేస్తే మిల్లర్ ఆగాలి. సెంట్రింగ్ విప్పడానికీ లెక్క ఉంది. భారత ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటుతో పోసిన స్లాబుకు, నాలుగున్నర మీటర్ల లోపు దూరమైతే 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు కింది కర్రలు తియ్యకూడదు. దూలాలకు 14 నుంచి 21 రోజులు. షీట్లు ఇంకో సైటుకు కావాలని ముందే విప్పించడం సెంట్రింగ్ కిరాయి మిగిల్చుకోవడం కోసం. ఆ ఆదా కోసం ఒడ్డేది కింద ఉన్నవాళ్ల ప్రాణం.

మూడోది, ఎత్తు. పది అడుగుల నుంచి పడ్డ మనిషి నేలను తాకడానికి ఒక్క సెకను కూడా పట్టదు. అందుకే 'పట్టుకోలేకపోయాడు' అన్న మాటకు అర్థం లేదు. గోవ మీద నడిచే చోట రెండు మూడు పలకలన్నా పక్కపక్కన కట్టి ఉండాలి. నడుము ఎత్తున అడ్డకర్ర, కాళ్ల దగ్గర జానెడు పలక ఉండాలి. ఆ కింది పలక నిలబడ్డవాడి కోసం మాత్రమే కాదు, ఇటుక జారితే కింద ఉన్నవాడి తల కోసం కూడా. లిఫ్టు గుంతలు, స్లాబులో వదిలిన ఖాళీలు ఒక అట్టముక్క కప్పి వదిలేస్తారు. దాని మీద కాలేస్తే నేరుగా సెల్లార్‌లోకే.

నాలుగోది, కరెంటు. తడి నేల, తడి చేతులు, ఇన్సులేషన్ పోయిన వైరు, పుల్లలతో గుచ్చిన ప్లగ్గు. సైటు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు కోసేసే బ్రేకరు పెడితే ఈ చావుల్లో ఎక్కువ భాగం ఆగుతాయి. దాని ఖరీదు స్లాబు ఖర్చు ముందు ఏపాటిది? పక్కనే పోయే పెద్ద లైనుకు సలాక తగలడం ఇంకో రకం. సలాక పైకి ఎత్తేటప్పుడు లైను ఎటు ఉందో చూసే మనిషిని పెట్టాలి. మిల్లర్ చక్రాలకు మూత ఉండాలి. చీర కొంగు లాక్కుపోయిన తర్వాత స్విచ్చి వెతికితే లాభం లేదు.

ఐదోది, సంపు. కొత్త సంపుకు స్లాబ్ పోసి, మూత వేసి, కొన్ని రోజులకు లోపలి సెంట్రింగ్ విప్పడానికి మనిషిని దించుతారు. లోపల తడి చెక్క కుళ్లుతూ గాలిలో ఉన్న ఆక్సిజన్‌ను తాగేస్తుంది. బయటి గాలిలో నూటికి 21 పాళ్లు ఉండే ఆక్సిజన్ లోపల పది పాళ్ల కిందికి పడితే మనిషి కేక వేయకుండానే కూలిపోతాడు. వాసన రాదు, మంట రాదు. అతన్ని తీయడానికి తమ్ముడో, తోటి కూలీయో దిగుతాడు. అతనూ కూలిపోతాడు. సంపు చావులు ఒకటి కాకుండా రెండు మూడు కలిసి వచ్చేది ఇందుకే. రోజంతా మూతలు తీసి ఉంచాలి, ఫ్యానుతో గాలి కొట్టాలి, నడుముకు తాడు కట్టి పైన ఇద్దరు పట్టుకున్నాకే దిగాలి. లోపల మనిషి పడిపోతే తాడుతో లాగాలి గానీ ఇంకొకరు దిగకూడదు.

ఇవి వెంటనే చంపేవి. మెల్లగా చంపేవి వేరే ఉన్నాయి. రాయి, గ్రానైట్ కోసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వస్తుంది. దానికి నయం లేదు. నీళ్లు కొడుతూ కోయడమే ఉపాయం. తడి సిమెంటు సున్నంలాగా చర్మాన్ని తింటుంది. చేతొడుగులు, బూట్లు లేకుండా ఏళ్ల తరబడి కాంక్రీటులో నిలబడ్డవాళ్ల కాళ్లు చూస్తే తెలుస్తుంది. ఎండ సంగతికొస్తే, మన తెలంగాణ కూలీలు వలస పోయే దుబాయ్ లాంటి చోట్ల, అంటే యు.ఎ.ఇ.లో, ఎండాకాలం మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా బయట పని చేయించకూడదని 2005 నుంచి నిబంధన ఉంది. గల్ఫ్‌లో మన కూలీల కష్టాలు తక్కువేమీ కావు. అయినా అక్కడ గడియారం చూసి ఆగే పని, ఇక్కడ సొంత రాష్ట్రంలో మేస్త్రీ దయ చూసి ఆగుతుంది.

చచ్చింది పనిలోనే కాదు

2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పోయిన కూలీలు చాలామంది. 2016 డిసెంబర్ 8 రాత్రి హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కడుతున్న భవనం కూలి 11 మంది చనిపోయారు. అందులోనే కాపురం ఉంటున్న కూలీల కుటుంబాల మీద అది కూలింది. 2024 మే 7న బాచుపల్లిలో వానకు అపార్ట్‌మెంట్ ప్రహరీ గోడ కూలీల షెడ్ల మీద పడి ఏడుగురు చనిపోయారు. అందులో నాలుగేళ్ల పిల్లవాడూ ఉన్నాడు. వాళ్లు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు.

ఈ ఘటనల్లో చనిపోయింది నర్మెట్టవాళ్లు కాకపోవచ్చు. ఒక జిల్లా కూలీ పోరాడి కూలి పెంచుకున్న చోటికి ఇంకా దూరం నుంచి, ఇంకా దిక్కులేనివాళ్లను తెచ్చి నింపడం ఈ రంగంలో రివాజు. కాబట్టి ఆ చావులను మనవి కావనుకుంటే పొరపాటు. ఇంకో మాట. నానక్‌రామ్‌గూడలోనూ, బాచుపల్లిలోనూ జనం పోయింది పని చేస్తూ కాదు, తాము తలదాచుకున్న చోట. కూలీకి ఇల్లు ఇవ్వని నగరం, వాళ్లను సెల్లార్‌లో, గోడ కింద పడుకోబెడుతుంది. అందుకే కూలీ ఎక్కడ పడుకుంటున్నాడు అన్నది కూడా భద్రత ప్రశ్నే.

చట్టం ఆలస్యంగా వచ్చింది, సగమే వచ్చింది

అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశాడు. 1946లో ఫ్యాక్టరీ కార్మికులకు వారానికి 48 గంటల పని వచ్చింది. 1948లో ఫ్యాక్టరీల చట్టం, 1951లో తోటల చట్టం, 1952లో గనుల చట్టం వచ్చాయి. ఊరూరా, నగరం నగరంలో కనబడే నిర్మాణ పనికి మాత్రం 1996 దాకా భద్రత చట్టమే లేదు. అర్ధ శతాబ్దం ఎందుకు పట్టింది? సైట్లు మారుతుంటాయి, లెక్క దొరకదు అంటారు. లెక్క దొరకనిది కూలీలది. సిమెంటు బస్తాల లెక్క ఎన్నడూ తప్పలేదు.

ఈ మధ్యలో ఒక తీర్పు గుర్తుంచుకోవాలి. 1982 ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణాల కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని చెప్పింది. నిర్మాణ పని ప్రమాదకరమైనదనీ, 14 ఏళ్ల లోపు పిల్లలను అందులో పెట్టకూడదనీ చెప్పింది. వెట్టి అన్న మాటను కోర్టు సైటుకు తెచ్చింది.

1985 నుంచి నిర్మాణ కార్మిక సంఘాలు జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ లాంటి వాళ్లను ముందుంచుకుని చేసిన ప్రచారం వల్ల 1996లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి పని పరిస్థితులకు, రెండోది నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేసి కూలీల సంక్షేమ బోర్డుకు ఇవ్వడానికి. మన రాష్ట్రంలో బోర్డు ఏర్పడింది 2007లో, అంటే పదకొండేళ్ల తర్వాత. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పులో బయటపడిన లెక్క చూడండి: దేశమంతటా 37,400 కోట్లకు పైగా సెస్సు వసూలైతే ఖర్చయింది దాదాపు 9,500 కోట్లు. కూలీల డబ్బుతో లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు కొన్న సంగతి కూడా ఆ కేసులోనే వచ్చింది. గుడిసెలో కరెంటు లేని మనిషికి వాషింగ్ మెషీన్!

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినట్టు కేంద్రం ప్రకటించింది. 1996 చట్టాలు వాటిలో కలిసిపోయాయి. కొన్ని మేలు మాటలు ఉన్నాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. సైటులో సేఫ్టీ కమిటీ పెట్టాలంటే వెనక 500 మంది ఉండాలి, ఇప్పుడు 250 మంది చాలు. కానీ పది మందికి తక్కువున్న పనికి ఈ భద్రత సూత్రాలు వర్తించవు. సొంతానికి కట్టుకునే ఇల్లయితే మినహాయింపు పరిమితి పది లక్షల నుంచి 50 లక్షలకు పెరిగింది. దీని అర్థం ఏమిటి? నర్మెట్టలో, జనగామలో లేచే ఇళ్లలో అత్యధికం, ఇందిరమ్మ ఇళ్లు సహా, చట్టం గడప బయటే ఉండిపోతాయి. ఆ ఇళ్లలో బావి లోతు సంపు ఉంటుంది, రెండంతస్తుల గోవ ఉంటుంది, పక్కనే కరెంటు లైను ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ ఉండడు.

చావు తర్వాతి పంచాయితీ

సైటు మీద చావు జరిగితే చీకటి పడక ముందే పెద్దమనుషులు చేరతారు. శవం లేపకముందే బేరం మొదలవుతుంది. స్టాంపు కాగితం మీద ఇంత ముట్టిందని, ఇక మాకు ఏ దావా లేదని వేలిముద్ర వేయిస్తారు. 'తాగి పడ్డాడు, కేసు పెడితే రూపాయి రాదు' అని బెదిరిస్తారు. ఇక్కడ మూడు సంగతులు ప్రతి వాడలోనూ తెలిసి ఉండాలి.

ఒకటి. 1923 నాటి నష్టపరిహార చట్టం నుంచి ఇప్పటి సామాజిక భద్రత కోడ్ దాకా సూత్రం ఒక్కటే: గాయమైతే తాగుడు సాకు కొన్నిసార్లు చెల్లవచ్చు గానీ, చావు సంభవించినప్పుడు ఆ సాకుతో పరిహారం ఎగ్గొట్టడానికి వీల్లేదు. రెండు. చావు కేసులో యజమాని పరిహారాన్ని అధికారి దగ్గర జమ చేయాలి. కుటుంబం చేతిలో పెట్టినదాన్ని చట్టం పరిహారంగా లెక్కించదు. హక్కు వదులుకున్నామన్న ఒప్పందం చెల్లదు. కాబట్టి ఆ వేలిముద్రతో దారి మూసుకుపోలేదు. మూడు. దీనికి పది మంది అన్న షరతు లేదు. ఒక అంతస్తు దాటినా, 12 అడుగుల ఎత్తున్నా ఆ భవనం పని దీని కిందికి వస్తుంది.

లెక్క కూడా కష్టం కాదు. చనిపోయిన మనిషి నెల జీతంలో సగాన్ని, అతని వయసుకు చట్టం ఇచ్చిన అంకెతో హెచ్చవేయాలి. 2020 జనవరి నుంచి లెక్కలోకి తీసుకునే జీతానికి గరిష్ఠ పరిమితి 15,000 రూపాయలు. 30 ఏళ్ల మనిషికి ఆ అంకె 207.98. అంటే 7,500ను 207.98తో హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. పంచాయితీలో 'మేము పెద్దమనసుతో ఇస్తున్నం' అనే మొత్తాన్ని దీని పక్కన పెట్టి చూడండి. బోర్డులో పేరు ఉంటే వచ్చే సాయం దీనికి అదనం, బదులు కాదు. పోలీసులు దాన్ని ఉత్త అనుమానాస్పద మృతిగా రాసి వదిలేయకుండా, నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణంగా, అంటే ఇప్పటి న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద, కాంట్రాక్టర్ పేరుతో సహా రాయించాలి. ఆ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు, సైటు ఫోటోలు చేతికొచ్చేదాకా కదలకూడదు.

'ఆపు' అనే హక్కు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1988లోనే నిర్మాణ రంగ భద్రత మీద 167వ ఒడంబడిక చేసింది. ప్రాణాపాయం ఉందని నమ్మడానికి కారణం ఉంటే ఆ చోటు నుంచి తప్పుకునే హక్కు కార్మికుడికి ఉండాలని అందులో ఉంది. దాన్ని ధ్రువీకరించిన దేశాల్లో మన దేశం లేదు. మన కొత్త కోడ్ 14వ సెక్షన్, అపాయం ఉందనిపిస్తే యజమానికీ ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేయవచ్చు అంటుంది. తెలియజేయవచ్చు! పగులిచ్చిన గుంతలో ఉన్న మనిషి ఎవరికి ఫోన్ చేయాలి? తెలియజేసే హక్కుకూ, ఆపే హక్కుకూ మధ్య ఉన్న దూరంలోనే మనవాళ్లు చస్తున్నారు.

చట్టం ఇవ్వనిది సంఘటన తెచ్చుకోవాలి. దీనికి మన ముందే ఒక ఉదాహరణ ఉంది. కోలార్ బంగారు గనుల తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారీ ఆందోళన్ వాళ్లు, మురుగు కాల్వల్లో చచ్చినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పోగేశారు. ప్రభుత్వాలు అలాంటి పనే లేదన్న చోట పేర్ల జాబితా పెట్టారు. 2013లో చట్టం, 2014లో సుప్రీంకోర్టు పది లక్షల తీర్పు, 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలకు పెంచిన తీర్పు ఆ పోరాటం వెనుక వచ్చినవే. చావులు ఆగలేదు, నిజమే. కానీ ఇవాళ మురుగు కాల్వ చావును 'ప్రమాదవశాత్తు' అని రాసి తప్పించుకోవడం వెనకటంత సులభం కాదు.

నిర్మాణ కూలీల విషయంలో నర్మెట్ట లాంటి చోట మొదలుపెట్టగలిగిన పనులు ఇవి. టీచర్లు, చదువుకునే పిల్లలు తమ వాడలో, తండాలో ఒక నోటుబుక్కు పెట్టాలి. ఎవరు, ఏ రోజు, ఏ గుత్తదారు వెంట, ఏ సైటుకు పోయారో, ఆయన ఫోన్ నంబరేదో రాయాలి. బండి నంబరు ఫోటో తీసి ఇంటికి పంపడం అలవాటు కావాలి. పోయే దారిలో ప్రమాదం జరిగినా కొత్త కోడ్ కింద పరిహారం అడగవచ్చు, ఆ ఫోటో అప్పుడు సాక్ష్యం. 18 నుంచి 60 ఏళ్ల మధ్య, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసినవాళ్లందరి పేర్లూ బోర్డులో ఎక్కించాలి. ఆడవాళ్ల పేర్లు భర్త పేరు చాటున పోకుండా విడిగా ఎక్కించాలి. అదే నోటుబుక్కు వెనక పేజీల్లో, ఇప్పటిదాకా ఆ ఊరి నుంచి పోయి సైట్లలో చనిపోయినవాళ్ల పేర్లు, ఏళ్లు, ఎంత ముట్టిందో రాయాలి. అది మొదటి పరిశోధన.

గుత్త మాట్లాడేటప్పుడే భద్రత ఖర్చు విడిగా మాట్లాడుకోవాలి. గోవ కర్రలు, గుంత పలకలు, బెల్టు, బ్రేకరు, సంపుకు ఫ్యాను ఇవి గుత్తలో కలవవు, యజమాని ఖాతా అని ముందే తేల్చాలి. పని ఆగిన గంటలకు కూలి కట్టివ్వాలన్నది ఆ మాటల్లోనే ఉండాలి. అది లేకుండా 'ఆపే హక్కు' అన్నది ఉత్త మాట అవుతుంది. చివరిగా, గుంపులో ఒక నియమం పెట్టుకోవాలి. గుంతలో, స్లాబ్ కింద, సంపులో ఉన్నది ఎవరైతే వాళ్లదే ఆ పూట ఆఖరి మాట. అది హెల్పరైనా, ఆడమనిషైనా, మాదిగైనా, లంబాడీ అయినా, ఆ మనిషి 'ఆపు' అంటే పైన సుతారి చెయ్యి ఆగాలి, మేస్త్రీ నోరు ఆగాలి.

మన సంఘాలు కూలి రేటు కోసం చాలా పోరాడాయి, అది అవసరం. ప్రమాదం ముందు ఆగే హక్కు కోసం ఇంకా పోరాడలేదు. దళిత సంఘాలు, వడ్డెర, లంబాడీ సంఘాలు, నిర్మాణ కార్మిక యూనియన్లు కలిసి కూచుని మాట్లాడవలసిన ఎజెండా ఇది. పది మంది లోపు పనులకూ, 50 లక్షల లోపు ఇళ్లకూ కనీస భద్రత సూత్రాలు వర్తింపజేయాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగాలి. ఇందిరమ్మ ఇళ్లకు ప్రభుత్వమే దశలవారీగా డబ్బు ఇస్తున్నది కాబట్టి, ప్రతి దశలో గోవ, గుంత, కరెంటు తనిఖీ చేసి సంతకం పెట్టినాకే కిస్తు విడుదల చేయాలని అడగవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక ఉత్తర్వు చాలు. దీని మీద ఊళ్లలో పనిచేస్తున్నవాళ్లు తమ అనుభవాలతో చర్చ కొనసాగించాలని మా కోరిక.